ఒడ్డు ఎవరిది? – నలందా నూతన ప్రాంగణ రచనపై పరిశీలన

మగధలో నది అంటే ఏడాది పొడుగునా పారే నీరు కాదు. ఛోటానాగపూర్ పీఠభూమి నుండి ఉత్తరంగా దిగే ఏరులు వానకారులో ఒడ్డులు ఒరుసుకుని పారి, కార్తికం దాటేసరికి ఇసుకమేటలుగా మిగులుతాయి. రాజగృహ పరిసరాలలో పారే పంచానే నది ఈ కోవలోనిదే. అందుచేత అక్కడ విద్యాపీఠాన్ని నీటి ఒడ్డున నిలపదలచినవారు ముందుగా నీటిని నిలపవలసి ఉంటుంది. ఆ తరువాతనే ఒడ్డు. రాజ్‌గీర్‌లో వెలసిన నలందా విశ్వవిద్యాలయపు నూతన ప్రాంగణం చేసిన పని ఇదే. 455 ఎకరాల ఆవరణలో సుమారు 100 ఎకరాలను జలాశయాలకు విడిచి, ఆ నీటి చుట్టూ విద్యాభవనాలను కూర్చిన యోజన అది. నది లేనిచోట నదీతీరాన్ని కల్పించిన ఈ ప్రయత్నం బౌద్ధవిద్య పేరును ధరించింది గనుక, దానిని బౌద్ధ వాస్తుసంప్రదాయపు కొలతలతో తూచి చూడడం అవసరం.

పూర్వకథ తెలిసినదే. 2006లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం బీహారు శాసనసభ్యుల ముందు ప్రాచీన నలందా పునరుద్ధరణను ప్రతిపాదించారు. 2010లో పార్లమెంటు చట్టం చేసింది. 2013లో జరిగిన రూపకల్పన పోటీలో, బాలకృష్ణ దోషి అహ్మదాబాదులో స్థాపించిన వాస్తుశిల్ప కన్సల్టెంట్స్ సంస్థ ఎంపికైంది. 2014 సెప్టెంబరులో రాజ్‌గీర్‌లోని తాత్కాలిక వసతిలో చరిత్ర, పర్యావరణ అధ్యయన శాఖలతో పాఠాలు మొదలయ్యాయి. బౌద్ధ అధ్యయన శాఖ ఆ తరువాత వచ్చింది. 2024 జూన్ 19న నూతన ప్రాంగణం లాంఛనంగా ప్రారంభమైంది. రెండు విద్యాఖండాలలో 40 తరగతి గదులు, దాదాపు 1900 మందికి కూర్చునే చోటు, సుమారు 550 మంది విద్యార్థులకు వసతి అని ప్రభుత్వ ప్రకటన చెప్పింది. దోషి ఆ దినాన్ని చూడలేదు. 2023 జనవరిలోనే కన్నుమూశారు.

ప్రారంభం నాటి నుండి ఈ ప్రాంగణాన్ని లోకానికి చూపినవి ముఖ్యంగా ఆకాశం నుండి తీసిన చిత్రాలు. పైనుండి చూస్తే యోజన అందంగానే ఉన్నది. అయితే విహారవాస్తువు పైనుండి చూడడానికి పుట్టినది కాదు. భిక్షువు నేలమీద నడుస్తాడు. నడిచేవాని కంటికి ఈ యోజనలో మూడు విషయాలు వేర్వేరుగా కనిపిస్తాయి: నీరు, కట్టడపు రూపం, అంచు. మొదటిదానికి మెప్పు దక్కాలి. రెండవదాని మీద సందేహం ఉన్నది. మూడవది ఆలోచించకుండా విడిచిన విషయం.

నీటి సంగతి ముందు. దక్షిణ బీహారులో సేద్యాన్ని శతాబ్దాలుగా నిలిపినది ఆహర్–పైన్ పద్ధతి. నేల దక్షిణం నుండి ఉత్తరానికి వాలుతుంది. వానలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురిసి, వాలు వెంట జారిపోతుంది. వాలుకు అడ్డంగా మూడు వైపుల కట్ట పోసి, ఎగువ వైపు తెరిచి ఉంచితే అది ఆహర్. ఏటిలో పొంగు వచ్చినప్పుడు ఆ నీటిని మళ్ళించి ఆహర్‌కు చేర్చే కాలువ పైన్. ఒక ఆహర్ నిండి పొర్లిన నీరు దిగువ ఊరి ఆహర్‌కు పోతుంది. తెలుగువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కాకతీయుల కాలం నుండి తెలంగాణలో నిలిచిన గొలుసుకట్టు చెరువులు, వాటి అలుగులు, తూములు, నీరు వదిలే నీరటికాడు – అన్నీ ఇదే బుద్ధికి మరో నేల మీద పుట్టిన రూపాలు.

నూతన నలందా యోజన ఈ పద్ధతిని అలంకారంగా గాక ఆధారంగా స్వీకరించింది. భవనాలు గీసి మిగిలిన జాగాలో కొలను తవ్వడం నేటి ప్రాంగణాలలో సామాన్యం. ముఖద్వారం ఎదుట ఫౌంటెను, వెనుక మురుగు. ఇక్కడ నేలవాలు, వాననీటి దారి, నిలువచోటు యోజనకు పునాది అయ్యాయి. నీటిని తవ్వితే మట్టి వస్తుంది. ఆ మట్టికి సిమెంటు కొంత కలిపి ఒత్తిడితో అచ్చుపోసిన, కాల్చని దిమ్మెలతో గోడలు కట్టడం రెండవ నిర్ణయం. మండువేసవిలో మగధ ఎండ ఎంతటిదో అక్కడి పాఠశాలల సెలవులే చెబుతాయి. దానికి తట్టుకోవడానికి మందమైన గోడలు, నీటిని ఆవిరిచేసి గాలిని చల్లబరిచే ఏర్పాటు, సౌరవిద్యుత్తు, వాడిన నీటిని శుద్ధిచేసి మళ్ళీ వాడే కేంద్రం తోడయ్యాయి. తన శక్తిని, నీటిని తానే సమకూర్చుకునే ప్రాంగణం కావాలన్నది లక్ష్యం.

ఈ కాల్చని దిమ్మె సంగతి కొంచెం నిలిచి చూడదగినది. ప్రాచీన నలందా కాల్చిన ఇటుకల నగరం. ఆ ఇటుకలను కాల్చడానికి ఎంత వంటచెరకు తగలబడి ఉంటుందో, ఎంత మేలిమి మన్ను పోయి ఉంటుందో శిథిలాల ఎత్తును చూస్తే ఊహకు అందుతుంది. పాతిమోక్ఖలో భిక్షువు నేలను తవ్వరాదనే పాచిత్తియం, పచ్చని మొక్కను తుంచరాదనే పాచిత్తియం పక్కపక్కనే వస్తాయి. మహావిహారాల నిర్మాణమంతా ఆ రెండు నియమాల పక్క నుండి, ఆరామికుల చేతుల మీదుగా, జరిగిపోయిందన్నది సంఘచరిత్రలో మొహమాటంగా దాటవేసే విషయం. అలాంటప్పుడు భట్టీ పొగ లేకుండా గోడ లేపిన నూతన ప్రాంగణం, రూపంలో పాతదానిని అనుకరించిన చోట్ల కంటే, ఈ పనిలోనే వినయభావానికి దగ్గరగా ఉన్నది. ఈ మాట సంస్థవారు చెప్పుకోకపోవడం ఆశ్చర్యం. వారు చెప్పుకునేది మెట్లను గురించి.

మెట్లు నిజంగానే మొదట కంటబడతాయి. శిథిల నలందాలోని ఆలయసోపానాలను తలపించేటట్లు వెడల్పైన మెట్లవరుసలు, ఇటుకరంగు గోడలు, బరువుగా నేలకు అతుక్కున్న ఆకృతులు. సందర్శకునికి ‘ఇది నలందా’ అని వెంటనే చెప్పాలన్న కోరిక ఆ రూపాలలో ఉన్నది. కోరికలో దోషం లేదు గాని, దేనిని తలపిస్తున్నారో చూడాలి. 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన 23 హెక్టార్ల శిథిలక్షేత్రం నలందా దేహంలో ఒక భాగం మాత్రమే. అందులో బయటపడినవి 11 విహారాలు, 6 ఇటుక ఆలయాలు. విహారాలలో అధికం ఉత్తర దక్షిణంగా ఒకే వరుసలో పడమటి ముఖంగా నిలిచాయి, ఎదురుగా ఆలయాల వరుస, నడుమ దారి. ప్రతి విహారంలో నడిమి ముంగిలి, చుట్టూ వసారా, అరలు, ద్వారానికి ఎదుటి గోడలో పూజాస్థానం, ముంగిట్లో బావి, మూలగా బయటికి పోయే మురుగుకాలువ. ఇంతే. ఒకే నమూనాను తరతరాలు మళ్ళీ మళ్ళీ కట్టారు. పాతది పాడైతే దాని మీదనే మరొకటి లేపారు. తవ్వకాలలో ఒకే విహారంలో అనేక అంతస్తుల నేలలు ఒకదాని మీద ఒకటి కనిపించడానికి కారణం అదే.

అంటే ప్రాచీన నలందా ఎవరో ఒక్కసారి గీసిన యోజన కాదు. గుప్తుల కాలం నుండి పాలుర కాలం వరకు దాతలు ఒక్కొక్కరుగా వచ్చి, అదే వరుసలో తమ వంతు చేర్చుకుంటూ పోయిన కూర్పు. సువర్ణద్వీపపు బాలపుత్రదేవుడు అక్కడ విహారం కట్టించగా, దాని పోషణకు దేవపాలుడు ఐదు గ్రామాలు ఇచ్చినట్లు తామ్రశాసనం చెబుతున్నది. సముద్రం అవతలి రాజు కట్టించిన విహారమైనా వరుస తప్పలేదు. నూతన ప్రాంగణం దీనికి భిన్నంగా ఒక్క చేతి గీత. కొత్త విద్యాపీఠానికి అది తప్పనిసరి కావచ్చు. ప్రభుత్వధనం, గుత్తేదారు, గడువు ఉన్నచోట శతాబ్దాల ఓపికను అడగలేము. అయినా యోజన రేపు చేరబోయే భవనానికి ఏ నియమం విడిచిపెట్టింది అన్న ప్రశ్న నిలుస్తుంది. దోషి స్వయంగా బెంగుళూరులోని ఐఐఎం ప్రాంగణంలో ఈ ప్రశ్నకు చక్కని జవాబు చెప్పారు. ఫతేపూర్ సిక్రీ నుండి ఆయన అక్కడికి తెచ్చినది గుమ్మటాలను కాదు. ముంగిళ్ళకూ నడవలకూ మధ్యనున్న సంబంధాన్ని. అందువల్ల ఆ నడవల చివర మరో గదిని చేర్చినా ప్రాంగణం చెడదు. రాజ్‌గీర్‌లో ఆ సంబంధం నీటి ఏర్పాటులో ఉన్నది, మెట్లలో లేదు. మెట్లు పూర్తయిన బొమ్మలు. వాటికి చేర్చడానికి ఏమీ ఉండదు.

ఇక అంచు. ఒడ్డు అనే మాటకు రెండు వైపులు ఉంటాయి. నీటికి ఇవతలివారు, అవతలివారు. ప్రాచీన నలందా నీటిని గురించి ఏడవ శతాబ్దంలో అక్కడ దాదాపు పదేళ్ళు గడిపిన ఇత్సింగ్ వ్రాసినది ప్రసిద్ధం. విహారసమీపంలో పదికి మించిన పెద్ద కొలనులు ఉండేవని, ప్రతి ఉదయం స్నానవేళకు ఘంట మోగేదని, భిక్షువులు స్నానవస్త్రాలతో వందలుగా, ఒక్కొక్కప్పుడు వేయిమందిగా బయలుదేరి నలుదిక్కుల కొలనులకు పోయేవారని ఆయన వర్ణించాడు. బయలుదేరి పోవడం ఇక్కడ గమనించవలసిన మాట. విహారాలలోపల బావులు ఉన్నాయి. స్నానం మాత్రం బయట. ఆ కొలనులలో కొన్ని నేటికీ శిథిలాల చుట్టూ, ఊళ్ళ నడుమ, పోఖర్‌లుగా మిగిలి ఉన్నాయి. బడ్‌గాఁవ్ సూర్యకుండంలో ఏటా ఛఠ్ పండుగకు వేలాదిగా జనం అర్ఘ్యమిస్తారు. విహారం పోయినా దాని ఇరుగుపొరుగు నీరు పోలేదు. హ్యుయెన్‌త్సాంగ్ వినిపించిన పేరుకథ ప్రకారం నలందా అనే నామమే విహారానికి దక్షిణాన మామిడితోపులోని కొలనులో నివసించిన నాగునిది. విహారం తన పేరును బయటి నీటి నుండి తెచ్చుకున్నది.

రాజగృహానికి వస్తే ఈ విషయం మరింత స్పష్టం. నూతన ప్రాంగణం నిలిచినది వేణువనం ఉన్న ఊరిలో. మహావగ్గంలో బింబిసారుడు తథాగతునికి వసతి ఎక్కడ ఇవ్వాలని ఆలోచించినప్పుడు కోరిన గుణాలు బౌద్ధలోకంలో నమోదైన తొలి ప్రాంగణ నిబంధనలు అనదగినవి: ఊరికి మరీ దూరం కారాదు, మరీ దగ్గర కారాదు, కోరి వచ్చేవారికి రాకపోకలు సులువుగా ఉండాలి, పగలు రద్దీ, రాత్రి సందడి లేని ఏకాంతం కావాలి. ఈ గుణాలు ఒకదానినొకటి లాగుతాయి. ఏకాంతం కావాలంటే దూరం పోవాలి. రాకపోకలకు దగ్గర ఉండాలి. ఈ లాగుడును గోడతో తెంచకుండా దూరంతో సరిచేయడమే ఆరామ నిర్మాణపు సూక్ష్మం.

అదే ఊరిలో తపోదా వేడినీటి బుగ్గల కథ ఉన్నది. బింబిసారుడు తలంటుకోవడానికి పోగా భిక్షువులు స్నానం చేస్తున్నారు. రాజు పక్కన నిలిచి కాచుకున్నాడు. వారు చీకటిపడేదాకా నీటిని వదలలేదు. రాజు ఆలస్యంగా స్నానం ముగించేసరికి నగరద్వారాలు మూసివేశారు. రాత్రి బయటే గడిపి ఉదయం బుద్ధుని దర్శించాడు. విషయం విన్న బుద్ధుడు నీటివద్ద మితం పాటించమని భిక్షువులనే కట్టడి చేసి, పక్షానికి ఒకసారికి మించి స్నానం చేయరాదనే పాచిత్తియాన్ని విధించాడు. ఎండాకాలం, జబ్బు, పని, ప్రయాణం వంటి సందర్భాలకు సడలింపులు తరువాత వచ్చాయి. నియమపు వివరం కన్నా దాని వెనుక ఉన్న తలంపు ముఖ్యం: నీరు సంఘానిది కాదు, పదిమందిదీ; సంఘం అందులో ఒక వాడుకరి. భిక్షువుల కొరకు వేరు బుగ్గను కట్టడి చేయడం ఆ కథలో ఎవరికీ తోచలేదు.

ఈ కొలతతో నూతన ప్రాంగణాన్ని చూస్తే లోటు తెలుస్తుంది. భవనాల కంటే ముందే అక్కడ లేచినది ప్రహరీగోడ. యోజనను వివరించే మాటలలో నీటి పరిమాణం, శుద్ధి, పునర్వినియోగం గురించి ఉన్న శ్రద్ధ గోడ అవతలి నీటి గురించి కనిపించదు. ఆహర్–పైన్ ఏ ఒక్క యజమానికీ చెందిన ఏర్పాటు కాదు. పైన్ పూడిక తీయడానికి ఊళ్ళన్నీ కలిసి చేసే శ్రమకు మగధలో గోఆమ్ అని పేరు. ఏ ఊరి వంతు ఎన్ని రోజులో, ఏ మడికి ఎప్పుడు నీరో తేల్చే కట్టుబాట్లు ఆ పద్ధతికి కట్టలెంతటివో అంతటివి. కట్టను తెచ్చి కట్టుబాటును విడిస్తే మిగిలేది మంచి జలాశయం, ఆహర్ కాదు. 455 ఎకరాల మీద పడిన వాన ఇదివరకు వాలు వెంట ఎటో పోయేది. ఇప్పుడు అది లోపల నిలుస్తున్నది. నిండిన తరువాత పొర్లే నీరు ఎవరి పొలానికి, ఎప్పుడు, ఎవరి మాట మీద పోవాలన్నది యోజనపటం మీద ఒక గీతగానైనా ఉండవలసిన విషయం.

దీనికి ఒక అభ్యంతరం సహజం. ప్రాచీన నలందాకూ గోడ ఉన్నది. హ్యుయెన్‌త్సాంగ్ చెప్పిన ద్వారపండితుడు ప్రశ్నలడిగి, జవాబు చెప్పలేనివారిని తిప్పి పంపేవాడు. నిజమే. పైగా ఆ విహారం తన చుట్టూ ఉన్న గ్రామాల ఆదాయం మీద బ్రతికింది. ఇత్సింగ్ నాటికి అవి రెండు వందలకు మించాయి. ఆ గ్రామాల రైతుకు మహావిహారం ఎలా కనిపించేదో ఏ యాత్రికుడూ వ్రాయలేదు. పాత నలందాను సమానత్వపు స్వర్గంగా చిత్రించడం చరిత్ర కాదు. అయినా ఆ గోడ చదువుకు హద్దు, స్నానానికి కాదు. ద్వారపండితుడు వాదానికి వచ్చినవానిని ఆపాడు. కొలనుకు పోయే భిక్షువు మాత్రం రోజూ ఆ ద్వారం దాటి ఊరి నీటిలో దిగాడు. రెండవ అభ్యంతరం, ఇది లౌకిక విశ్వవిద్యాలయం, వినయపిటకంతో తూచడం అన్యాయమన్నది. పేరు, మెట్లు, ముద్ర ప్రాచీన విహారం నుండి తెచ్చుకున్నప్పుడు కొలత కూడా వెంట వస్తుంది.

వినయంలో స్థలనిర్ణయానికి ఉన్న పద్ధతిని నేటి యోజనకర్తలు చదవకపోవడం వింత. ఆరవ, ఏడవ సంఘాదిసేసాలు కుటి, విహార నిర్మాణాలను గురించినవి. కట్టదలచినవాడు ముందుగా సంఘాన్ని పిలిచి స్థలాన్ని చూపాలి. దానిని వత్థుదేసన అన్నారు. ఆ స్థలం అనారంభం కావాలి: చీమలకో పాములకో పెద్ద మృగాలకో నివాసమైన నేల కారాదు, పంటచేలను ఆనుకుని ఉండరాదు. సపరిక్కమనం కావాలి: ఎడ్లు కట్టిన బండి చుట్టూ తిరిగేంత జాగా మిగలాలి. ఏడవ నియమానికి కారణమైనవాడు ఛన్నుడు. దాత ఒకడు విహారం కట్టిస్తానంటే, కౌశాంబిలో స్థలం చదును చేయిస్తూ, ఊరూ పట్టణమూ జనపదమూ పూజించే చైత్యవృక్షాన్ని కొట్టించాడు. జనం గోల పెట్టారు. యమునాతీరపు ఆ నగరంలో విహారం కట్టడం తప్పని ఎవరూ అనలేదు. చుట్టుపక్కలవారి చెట్టును అడగకుండా కొట్టడమే తప్పయింది. నిర్మాణానికి ముందు నేలను పదిమంది కళ్ళతో చూడాలన్న ఈ నియమం ఆ కోపం నుండి పుట్టింది. బండి తిరిగే జాగా అన్న కొలత కూడా చూడడానికి అల్పమే గాని, అంచును గీసి వదలక దానిని నడిచే చోటుగా ఉంచాలన్న బుద్ధి అందులో ఉన్నది.

ఈ చర్చకు తెలుగునేలతో సంబంధం దూరమైనది కాదు. నిజమైన నదీతీరంలో విద్యాస్థానాలు ఎలా నిలిచాయో చూపే తార్కాణం కృష్ణ కుడిగట్టున ఉండేది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల విజయపురికి పడమటి హద్దు కృష్ణ. ఏటి ఒడ్డున నిలిచినవి రాజధాని కోట, రాతిపలకల స్నానఘట్టం, కార్తికేయునికీ శివునికీ కట్టిన ఆలయాలు. ముప్పైకి మించిన బౌద్ధస్థానాలలో అధికభాగం నది నుండి వెనక్కు, లోయలోనూ కొండపాదాల వద్దనూ చెదిరి ఉన్నాయి. నదికి ఎదురుగా నిలిచే అవకాశం ఉండి కూడా సంఘం వెనక్కు జరిగింది. వరదభయం కొంత, ఏకాంతం కొంత కావచ్చు. ఒడ్డును అందరికీ విడవడం కూడా దాని ఫలితమే.

వీరపురుషదత్తుని పధ్నాలుగవ పాలనావర్షంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం ఈ సందర్భంలో మళ్ళీ చదవదగినది. తామ్రపర్ణి థేరులకు చుళధమ్మగిరిపై చైత్యగృహం సమర్పించిన ఆమె, తన ఇతర దానాలను కూడా అందులో వరుసగా చెప్పింది. సీహళవిహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, మహాధమ్మగిరిపై ఒక అర, దేవగిరిపై ధ్యానశాల, పువ్వసేలలో తటాకం, వసారా, మండపం, కంటకసేల మహాచైత్యపు తూర్పుద్వారం వద్ద శిలామండపం, హిరుముఠువలో మూడు అరలు, పపిలలో ఏడు అరలు. కంటకసేల అంటే నేటి ఘంటసాల. ఒక గృహస్థురాలి దానం ఒకే ప్రాంగణంలో కుప్పపడక, లోయ నుండి సముద్రతీరం దాకా ఎక్కడ ఏది లోటో అక్కడ చేరింది. ఒకచోట గది, ఒకచోట నీడ, ఒకచోట చెరువు. తటాకం ఈ జాబితాలో మండపంతో సమంగా నిలిచింది. దీనిని దానపత్రంగానే చదవడం అలవాటైంది. ప్రాంగణాలు ఎలా పెరిగాయో చెప్పే పత్రంగా చదివితే నేటి యోజనలకు అంతకంటే ఉపకరించే పాఠం మరొకటి దొరకదు. విశాఖ తీరాన రెండు విహారక్షేత్రాలను జనం తొట్లకొండ, బావికొండ అని వాటి తొట్లను, బావులను బట్టే పిలిచారు. స్తూపాలను బట్టి పిలవలేదు.

ఆ లోయ నేడు నాగార్జునసాగరం అడుగున ఉన్నది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో సాగిన తవ్వకాలు మునగబోయే లోయను వీలైనంత నమోదు చేశాయి. ఎంపిక చేసిన కట్టడాలను కొండ మీద, అనుపు వద్ద తిరిగి నిలిపారు. ఆ పనికి పురాతత్త్వశాఖకు తెలుగువారు ఎంత ఋణపడి ఉన్నారో చెప్పనలవి కాదు. అయితే కొండపైకి చేర్చిన స్నానఘట్టాన్ని చూసినవారికి ఒక వెలితి తప్పదు. రాళ్ళు అవే, వరుస అదే. కిందికి దిగితే నీరు మాత్రం రాదు. అక్కడ అది అనివార్యం. ఒడ్డు పోయాక మెట్లను కాపాడడమే మిగిలింది. కొత్తగా కట్టే చోట ఆ అనివార్యత లేదు.

కృష్ణ కుడిగట్టునే, దిగువన, అమరావతి పేరుతో రాజధాని రూపొందుతున్నది. ఆ ప్రాంతంలో 2017 నుండి విశ్వవిద్యాలయాలు వెలుస్తున్నాయి. నదీముఖం ఆ నగరయోజనల ఆకర్షణగా నిలిచింది. బౌద్ధచిహ్నాలు ముఖద్వారాలకు వస్తాయి. స్తూపపు వంపు, పద్మం, ఆయక స్తంభాల పంచకం సులువుగా అచ్చుకు దొరుకుతాయి. యోజనకర్త చూడవలసిన నీరు మాత్రం ఎదురుగా లేదు. ఆ నేలకు ముంపు వచ్చేది వెనుక నుండి, కొండవీటి వాగు నుండి. కృష్ణలో మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు వాగు నదిలోకి దిగలేక పొలాల మీదికి తిరుగుతుంది. అందుకే ఆ నీటిని ఎత్తి నదిలో పోయడానికి ఉండవల్లి వద్ద ఎత్తిపోతల పథకం కట్టి 2018లో ప్రారంభించారు. నదిని చూస్తూ కూర్చునే కిటికీలు గీసినంత శ్రద్ధగా ఈ వాగు దారి, దాని మీద ఆధారపడిన ఊళ్ళు, ప్రాంగణపు చెరువు నిండితే అలుగు ఎటు పారాలి అన్నవి మొదటి పటం మీదనే రావాలి. ఆ పటాన్ని ఆమోదానికి పంపే ముందు ఊరివారిని పిలిచి నేల చూపించడానికి ఒక రోజు చాలు.